బొమ్మల బయోడేటా

దరఖాస్తు అనే మాట పారశీకం నుంచి ఉర్దూలోకి, ఉర్దూ నుంచి మన నాలుకల మీదికి వచ్చి కూర్చుంది. దాని అసలు అర్థం కోరిక, విన్నపం. అందుచేతనే కాబోలు, దరఖాస్తు రాద్దామని కాగితం ముందు పెట్టుకోగానే మనవాళ్లకు నడుము దానంతట అదే వంగుతుంది. ‘తమ దివ్యసముఖమునకు’ అని మొదలుపెట్టి, ‘నాయందు దయవుంచి’ అని ముగిస్తేగాని తృప్తి వుండదు. మధ్యలో మనకు ఏమి చేతనవునో చెప్పుకోవడానికి రెండు పంక్తులు మిగిలితే అదే పదివేలు!

మా గోదావరిఖనిలో దరఖాస్తు లేనిదే పొద్దు గడవదు. క్వార్టరు మారాలన్నా దరఖాస్తే, బాయి మారాలన్నా దరఖాస్తే. బాయి అంటే నీళ్లబావి కాదు సుమండీ, మా వైపు బొగ్గుగనిని అలా అంటారు. ఇరవై ఏళ్లుగా ఇక్కడి కాలేజీలో తెలుగు చెబుతున్నవాణ్ణి కావడంచేత, ‘సార్, నాలుగు ముక్కలు రాసిపెట్టుండ్రి’ అంటూ వచ్చేవాళ్లకు రాసిపెట్టడం నాకు రెండో వుద్యోగమైపోయింది. అయితే ఈ మధ్య నా దగ్గరికి కొత్తరకం దరఖాస్తులు వస్తున్నాయి. వాటిల్లో బొమ్మలుంటాయి.

ఈ బొమ్మల సంగతి చెప్పేముందు మా వూరి సంగతి కొంచెం చెప్పాలి. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనుక్కున్నాడు. అక్కడి సింగరేణి అనే వూరి పేరే 1920లో కంపెనీకి పేరయింది. 1945లో దాన్ని నిజాం ప్రభుత్వం కొన్నది. ఈనాడు అందులో నూటికి 51 వంతులు తెలంగాణ ప్రభుత్వానివి, 49 వంతులు కేంద్రానివి. 1960 ప్రాంతాల్లో గోదావరి ఒడ్డున గనులు తెరిచిన తరువాత మా పట్నం పెరిగింది. పేరులోనే గోదావరీ వుంది, ఖనీ వుంది. ఆ రోజుల్లో చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తినవాళ్ల మనుమలూ మనుమరాళ్లే ఈనాడు మా తరగతుల్లో కూర్చుంటున్నారు.

ఇక్కడి కుటుంబాల్లో వుద్యోగం అంటే చాలాకాలం ఒకటే అర్థం. తండ్రి నెత్తిమీది దీపం కొడుకు నెత్తిమీదికి రావడం. వారసత్వపు వుద్యోగాలు అనేవారు. ఆ పద్ధతి ఆగిపోయింది. ఇప్పుడు కారుణ్య నియామకాలనే పేరుతో, కార్మికుడు చనిపోయినా, మెడికల్ అన్‌ఫిట్ అయినా పిల్లలకు అవకాశం వస్తుంది. అంటే, ఇంట్లో ఒక పెద్దదిక్కు కూలితే తప్ప ఆ తలుపు తెరుచుకోదన్నమాట. అటువంటి తలుపు దగ్గర నిలబడటం ఇష్టంలేకనే మావాళ్లు పిల్లలను కష్టపడి పైచదువులకు పంపుతున్నారు. ఇంజనీరింగు అయింది, ఫార్మసీ అయింది. ఇప్పుడు డిజైను.

డిజైను అనగానే, ‘బట్టలు కుట్టే చదువా?’ అని అడిగేవారున్నారు. బట్టలూ వున్నాయిగాని అంతమాత్రమే కాదు. మన వాడకంలో వుండే ప్రతి వస్తువూ ఎట్లా వుంటే మనిషికి సుఖమో ఆలోచించి, గీసి, చేసి, పరీక్షించి చూడటమే ఆ విద్య. 1958లో చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు భారత ప్రభుత్వం కోరగా దేశమంతా తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. వారు అందులో ఎంతగానో మెచ్చుకున్న వస్తువేమిటో తెలుసునా? మన లోటా! నీళ్లు పట్టడానికి ఎంత కడుపుండాలి, వంచి పోయడానికి అంచు ఎలా వుండాలి, నడుం మీద పెట్టుకుంటే ఎట్లా అమరాలి అనేవన్నీ తరతరాల చేతులు తేల్చిన సంగతులు గదా. ఆ నివేదిక వచ్చాక 1961లో అహ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వెలిసింది. 1969లో బొంబాయి ఐ.ఐ.టి.లో డిజైను శాఖ పెట్టారు. 1995లో హైదరాబాదుకు నిఫ్ట్ వచ్చింది. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఒక ఎన్.ఐ.డి. మొదలైంది. హైదరాబాదు ఐ.ఐ.టి.లోనూ ఈ చదువు వుంది. ఇవిగాక ప్రైవేటు కాలేజీలు సరేసరి.

ఈ చదువులో చివరకు వచ్చేసరికి ఒక మెలిక వుంది. చాలాచోట్ల విద్యార్థి కొన్ని నెలలపాటు ఏదో ఒక సంస్థలో పనిచేసి రావాలి. దానినే ఇంటర్న్‌షిప్ అంటున్నారు. అది పూర్తి అయితేగాని పట్టా చేతికి రాదు. కాలేజీకి వచ్చి పిల్లలను ఎంచుకుపోయే సంస్థలు కొన్నే వుంటాయి. తక్కినవాళ్లు తమంతట తామే సంస్థలను వెతుక్కుని, ఉత్తరం రాసి, తమ పనిని చూపించుకోవాలి. ఆ చూపించే పుస్తకానికి పోర్ట్‌ఫోలియో అని పేరు. మార్కుల కాగితం ఎవరూ ముందు అడగరు. ‘నీ పని చూపించు’ అంటారు.

మా వీధిలో ఒక అమ్మాయి వుంది. తండ్రి అండర్‌గ్రౌండు బాయిలో పనిచేస్తాడు, రిటైరుమెంటు దగ్గర పడింది. రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి. చదువుకు తెచ్చిన బ్యాంకు అప్పు అలాగే వుంది. అమ్మాయికి కాలేజీవారు నెలాఖరు గడువు పెట్టారు. ఆలోగా ఇంటర్న్‌షిప్ దొరక్కపోతే మరో ఏడాది, మళ్లీ ఫీజు. ఇరవై సంస్థలకు రాసిందట, ఒక్కరూ పలకలేదు. తండ్రి ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, ‘సార్, ఎవలన్న పెద్దమనిషిని పట్టుకుందామా? మా కాలంల దరఖాస్తు ఎట్లున్నా పర్వాలేదు, దాని మీద ఎవల సంతకం వున్నదన్నదే ముఖ్యం’ అన్నాడు. ముందు దరఖాస్తు చూద్దామన్నాను.

అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి చూపించింది. నలభై పేజీలు! మొదటిదానిలో ఖరీదైన కాఫీ హోటలుకు ఫోనులో ఆర్డరు ఇచ్చే ఏర్పాటు. రెండోది విమానాశ్రయంలో సామాను తోసే బండి. మూడోది సువాసన కొవ్వొత్తుల డబ్బా. బొమ్మలు మెరిసిపోతున్నాయి.

‘అమ్మా, ఈ కాఫీ హోటలుకు ఎప్పుడైనా వెళ్లావా?’

‘లేదు సార్.’

‘విమానం ఎక్కావా?’

‘లేదు సార్. అందరు గివే పెడుతున్నరు, అందుకని నేను గూడ పెట్టిన.’

మరి చేసిన పనుల్లో పెట్టనిది ఏదైనా వున్నదా అని అడిగాను. కాసేపు ఆగి ఒక ఫోల్డరు తెరిచింది. అందులో సద్దిగిన్నె వుంది. తండ్రి రోజూ బాయిలోకి పట్టుకుపోయే టిఫిన్ క్యారియరుకు బదులుగా రెండో ఏడులో తాను ఆలోచించి చేసిన కొత్త రకం. బాయిలోకి అగ్గిపెట్టె, బీడీ మొదలు ఫోను దాకా ఏదీ తీసుకుపోనివ్వరు. అందుచేత లోపలి ఫోటోలు లేవు. తండ్రిని కూర్చోబెట్టి అడిగి అడిగి, ఆయన చెప్పగా బొమ్మలు గీసుకుంది. నడిచేటప్పుడు గిన్నె ఏ చేతిలో వుంటుంది? తినేదాకా ఎక్కడ తగిలిస్తారు? ఎలుకలు ముట్టకుండా ఏమి చేస్తారు? బొగ్గుమసి చేతులతో మూత ఎట్లా తీస్తారు? అట్ట ముక్కలతో నాలుగు నమూనాలు చేసింది. మూడు పనికిరాలేదు. ఎందుకు పనికిరాలేదో పక్కనే రాసుకుంది. నాలుగోదాన్ని రేకుతో చేయించి తండ్రికి ఇచ్చి, వారం రోజులు ఇంటి దగ్గర వాడించి చూసింది.

‘ఇది ఎందుకు పెట్టలేదమ్మా?’

‘మన బాయి సంగతి వాళ్లకెందుకు సార్? చూస్తే నవ్వుతరు.’

నాకు డిజైను రాదు. కాని కావ్యాలు చెప్పేవాడికి ఒక్క సంగతి తెలుస్తుంది. చూసి రాసినదానికీ, విని రాసినదానికీ తేడా మొదటి పద్యంలోనే పట్టుబడుతుంది. కాఫీ హోటలు బొమ్మలో ఎవరి కష్టమూ లేదు. సద్దిగిన్నె బొమ్మలో ఒక మనిషి ఆకలి వుంది. వేలకొద్దీ విద్యార్థులు కాఫీ హోటళ్ల బొమ్మలు పంపుతారు. టోపీదీపం వెలుతురులో అన్నం తినే మనిషిని గురించి ఎంతమంది పంపగలరు?

నిజానికి మా బొగ్గు వూళ్లు డిజైను పాఠశాలలే అనుకోండి. దీపం చేతిలో గాక నెత్తిన ఎందుకు వుంది? రెండు చేతులూ పనికి ఖాళీగా వుండాలని, చూపు ఎటు తిరిగితే వెలుతురూ అటు తిరగాలని. ల్యాంపురూములో ఎవరి దీపం వారి నెంబరు మీద ఎందుకు వుంటుంది? షిఫ్టు దిగాక ఒక దీపం తిరిగి రాకపోతే ఒక మనిషి ఇంకా లోపలే వున్నాడని తెలియడానికి. ప్రాణాన్ని కాపాడే ఆలోచన ఎంత మామూలు వస్తువులో దాగివున్నదో చూడండి! ఇటువంటివాటి మధ్య పుట్టి పెరిగిన పిల్ల, తన వూరు పేరు తుడిచేసి, చూడని విమానాశ్రయం గీస్తోంది.

విద్యార్థి పనే గదా, ఎవరు పట్టించుకుంటారని అనుకోనక్కరలేదు. మనం ఏళ్ల తరబడి టీవీలో చూసిన దూరదర్శన్ చిహ్నం, అహ్మదాబాదు సంస్థలో దేవాశీష్ భట్టాచార్య అనే విద్యార్థి తరగతి పనిగా గీసినదే. 2010లో మన రూపాయికి గుర్తు వచ్చింది గదా, దాన్ని గీసిన డి. ఉదయకుమార్ అప్పటికి బొంబాయి ఐ.ఐ.టి.లో డిజైను పరిశోధక విద్యార్థి.

దరఖాస్తు విషయంలో అందరికన్నా పెద్ద గురువు లియొనార్డో డావించీ అని నేననుకుంటాను. మోనాలిసా చిత్రకారుడు దరఖాస్తు పెట్టుకోవడమేమిటంటారా? పెట్టుకున్నాడు. సుమారు 1482లో మిలాన్ నగరాన్ని ఏలే లుడోవికో స్ఫోర్జా కొలువులో చేరడానికి రాసిన ఉత్తరం ముసాయిదా ఈనాటికీ వుంది. అందులో తాను గొప్ప చిత్రకారుణ్ణని మొదలుపెట్టలేదు. ఆ ప్రభువుకు యుద్ధాల బెడద వుంది. అందుకని తేలికపాటి వంతెనలు కట్టగలను, ఫిరంగులు చేయగలను అని వరసగా అంకెలు వేసి రాశాడు. చప్పుడు కాకుండా సొరంగం తవ్వి, అవసరమైతే నది కిందుగా కూడా దారి తీయగలనన్నాడు. మా గోదావరిఖని కార్మికులు వింటే, ‘అదేం పెద్ద పని?’ అని నవ్వుతారు! బొమ్మలు వేయగలనన్న మాట ఉత్తరం చివరకు వచ్చింది. ఎదుటివారికి ఏమి కావాలో తెలుసుకుని, అందులో తనకు ఏది చేతనవునో చెప్పాడు.  పైపెచ్చు, అనుమానముంటే చేసి చూపిస్తానని కూడా అన్నాడు.

సరే, అమ్మాయి దరఖాస్తును మళ్లీ కట్టాము. నలభై పేజీలు పన్నెండయ్యాయి. సద్దిగిన్నె మొదటికి వచ్చింది. దాని వెంట మరి రెండు పనులు మాత్రమే. ప్రతిదానికీ వరస ఒకటే: ఎవరికి ఏమి ఇబ్బంది, తాను ఏమి చూసింది, ఏమేమి ప్రయత్నించింది, ఏది చెడింది, చివరకు ఏది నిలిచింది. చెడిపోయిన నమూనాలను దాచడానికి ముందు ఆమె మనసొప్పలేదు. చూసేవాడు వెతికేది వాటినేనని చెప్పాను. చివరి బొమ్మ నేర్పును చెబుతుంది, చెడిన బొమ్మలు ఆలోచనను చెబుతాయి. ముగ్గురు కలిసి చేసిన పనిలో తన వంతు ఎంతో స్పష్టంగా రాయించాను. ఇతరుల పనిని తనదిగా చూపితే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది, పేరు పోతుంది.

ఉత్తరం దగ్గర మళ్లీ ఇబ్బంది వచ్చింది. ఇంగ్లీషులో ‘యూజర్ సెంట్రిక్ సొల్యూషన్’ అనీ, ‘ప్యాషనేట్’ అనీ బరువైన మాటలు పేర్చింది. ‘ముందు తెలుగులో చెప్పమ్మా’ అన్నాను. అప్పుడు గడగడా చెప్పింది: ‘మా బాపు బాయిల అన్నం తినేకాడ కడుక్కునే నీళ్లు తక్కువ. మూత తీస్తే మసి అన్నంల పడుతది. అందుకని చెయ్యి తగిలే జాగ, అన్నం తగిలే జాగ వేరుగ వుండేటట్టు చేసిన.’ అంతకన్నా ఇంకేమి కావాలి? దానినే తేలిక ఇంగ్లీషులోకి మార్చుకుంది. ఉత్తరం ఎనిమిది పంక్తులైంది.

ఇరవై మందికి ఒకే ఉత్తరం పంపడం మానేసి, ఒక్కొక్క సంస్థ ఏమి తయారుచేస్తుందో చదివి, వారి పనిలో తనకు నచ్చినదాన్ని ఒక వాక్యంలో చెప్పి, ఎప్పటి నుంచి ఎన్ని నెలలు రాగలదో రాసింది. ‘గౌరవనీయులైన అయ్యా లేక అమ్మా’ అనడానికి బదులు, చూసేవారి పేరు కనుక్కుని ఆ పేరుకే రాసింది. పంపే ఫైలు బరువు తగ్గించింది, దానికి తన పేరే పెట్టింది. ‘ఫైనల్ ఫైనల్ రెండు’ అని పేరున్న ఫైలును ఎవరు గుర్తుపెట్టుకుంటారు? నోటుబుక్కులో గళ్లు గీసి, ఎవరికి ఏ తేదీన పంపింది, ఎవరు పలికారు రాసుకుంది. వారం గడిచాక పలకనివారికి రెండు పంక్తుల జ్ఞాపకపు ఉత్తరం వేసింది. ఒకసారి చాలు, రోజూ వేస్తే విసుగు.

ఇందులో జాగ్రత్తపడవలసినవీ వున్నాయి. ఒక సంస్థవారు పరీక్ష అనే పేరుతో పది రోజుల పని చెప్పారు. ఒక సరుకు డబ్బాల బొమ్మలన్నీ గీసి ఇమ్మన్నారు. రాత్రింబవళ్లు గీసి పంపింది. తరువాత వారి ఫోను మోగదు, ఉత్తరం రాదు. పరీక్ష ఒకటి రెండు రోజుల పనికి మించితే, జీతం ఏమైనా ఇస్తారా అని మర్యాదగా అడగడంలో తప్పులేదు. పంపే ప్రతి బొమ్మ మీదా పేరూ తేదీ వుండాలి.

మరొక పెద్ద నగరపు సంస్థ రమ్మన్నది, కాని ఆరు నెలలు రూపాయి ఇవ్వమన్నది. తండ్రి హాస్టలు అద్దె, భోజనం లెక్కవేసుకుని మాట్లాడకుండా కూర్చున్నాడు. అప్రెంటిస్ అనే మాట మా ఇళ్లల్లో అందరికీ తెలుసు. ఐ.టి.ఐ. చదివినవాళ్లు సింగరేణిలో అప్రెంటిస్‌గా చేస్తారు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం వారికి స్టయిపెండు ఇవ్వాలి. విద్యార్థుల ఇంటర్న్‌షిప్పులు మామూలుగా ఆ చట్టం కిందికి రావు, ఇచ్చేవారు ఇస్తారు, లేనివారు లేదు. కలిగినవారి పిల్లలు ఊరికే చేయగలరు, పేరున్న చోటు సంపాదించుకోగలరు. కార్మికుని బిడ్డకు అది కుదరదు. ప్రతిభకు పెట్టిన పరీక్ష ఇలా జేబుకు పెట్టిన పరీక్షగా మారుతోంది. అందుచేత స్టయిపెండు ఎంతో, ఎన్ని గంటల పనో, ఏ నేర్పు వస్తుందో ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి. ‘అడిగితే ఏమనుకుంటారో’ అని మొహమాటపడితే ఆరు నెలల అప్పు మీద పడుతుంది. అమ్మాయి అడిగింది. కుదరదన్నారు. నమస్కారం పెట్టి వదులుకుంది. గడువుకు అప్పటికి పదకొండు రోజులు!

ఆ పదకొండు రోజులూ ఆ ఇంట్లో అన్నం సయించలేదు. తొమ్మిదోనాడు హైదరాబాదులో ఇంటి సామాన్లు తయారుచేసే ఒక చిన్న సంస్థ నుంచి పిలుపు వచ్చింది. ఫోనులోనే ఇంటర్వ్యూ. అరగంటసేపు సద్దిగిన్నె గురించే అడిగారట. గొళ్లెం పక్కకు ఎందుకు పెట్టావు? రెండో నమూనా ఎందుకు చెడింది? మీ నాన్నగారు ఏమన్నారు? దేనికీ తడుముకోలేదు. తడుముకోవడానికి అది బట్టీపట్టిన పాఠం కాదు గదా. హాస్టలుకూ భోజనానికీ సరిపడే స్టయిపెండు ఇస్తామన్నారు. మహాభాగ్యమేమీ కాదు. ఆరు నెలలు గడిచాక మళ్లీ దరఖాస్తులు రాసుకోవలసిందే. కాని పట్టా ఆగదు, ఫీజు మళ్లీ కట్టనక్కరలేదు.

తండ్రికి ఆ పన్నెండు పేజీలనూ చూపించినప్పుడు తన గిన్నె దగ్గర ఆగిపోయాడు. ‘నా సద్దిగిన్నె గూడ సదువేనా సార్?’ అన్నాడు. చదువేనని చెప్పాను. ముప్ఫై ఏళ్లుగా ఆ గిన్నె ఇబ్బందిని ఆయన ఎవరికీ చెప్పుకోలేదు, ఎవరూ అడగనూలేదు. మొదట అడిగింది బిడ్డే!

ఇది డిజైను చదివే పిల్లలకు మాత్రమే సంబంధించిన సంగతి అనుకోకండి. పిల్లలు వుద్యోగాలకు రాసుకునేటప్పుడు మనం ‘ఇంకా జవాబు రాలేదా?’ అని రోజుకు నాలుగుసార్లు అడుగుతాం. దానివల్ల వారికి దిగులు తప్ప మరేమీ పెరగదు. దానికి బదులు ఒక సాయంత్రం పక్కన కూర్చుని, ‘నువ్వు చేసినదేమిటో చూపించు, మాకు అర్థమయ్యేటట్టు చెప్పు’ అనండి. ఇంట్లో అమ్మకు అర్థమయ్యేటట్టు చెప్పగలిగినవారు ఏ కంపెనీవారికైనా చెప్పగలరు. చెప్పలేకపోయిన చోట ఏదో పొట్టు వున్నదని వారికే తెలిసిపోతుంది. సిఫారసు కోసం పెద్దమనుషుల గడపలు ఎక్కే తీరిక వుంటే, ఆ తీరికను మీ చేతిపనుల సంగతులు పిల్లలకు చెప్పడానికి వాడండి. మగ్గం నేసేవారింటి పిల్లకైనా, బీడీలు చుట్టేవారింటి పిల్లవానికైనా, బొగ్గు తవ్వేవారింటి బిడ్డకైనా, ఇంట్లోనే బోలెడు పాఠం వుంది. దాన్ని సిగ్గుపడి దాచుకోనక్కరలేదు. మొదటి పేజీలోనే పెట్టుకోవచ్చు.